పురిటి కబురులో మూడో ప్రశ్న

మన ఇళ్ళలో పురిటి కబురు తెలియగానే అడిగేవి రెండే ప్రశ్నలు: ఆడా, మగా? బరువెంత? ఇకమీదట మూడోది కూడా అడగాలని నా మనవి: "మడమ రక్తం తీశారా? చెవి పరీక్ష చేశారా?"

నేను వైద్యుణ్ణి కాను, బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి. మా అక్క మనవడి విషయం దగ్గరుండి చూశాక ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది. వాడికి రెండేళ్ళు నిండినా మాట రాలేదు. "వాళ్ళ తాతకూ ఆలస్యంగానే వచ్చింది" అని పెద్దవాళ్ళు సర్దిచెప్పారు. తీరా చూస్తే వినికిడే లేదు. పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఎవరూ చెవి పరీక్ష మాట ఎత్తలేదు. ఇప్పుడు చెవి మిషను పెట్టుకుని ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటున్నాడు.

ప్రతి వెయ్యిమంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురి దాకా పుట్టుకతోనే వినికిడి లోపం ఉంటుంది. వినపడని పిల్లలూ మొదటి నెలల్లో 'ఉంగా' అంటారు కనుక ఇంట్లోవాళ్ళకు తెలియదు. చప్పట్లు కొట్టి చూడటం పరీక్ష కాదు, చేతి కదలిక చూసి కూడా బిడ్డ తల తిప్పుతుంది. ఆసుపత్రిలో నిద్రపోయే బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి, సన్నని శబ్దం పంపి, లోపలి చెవి స్పందనను యంత్రంతో కొలుస్తారు. నొప్పి లేదు, కొద్ది నిమిషాల పని. మొదటిసారి సరిగా రాకపోతే బెంగపడకుండా మళ్ళీ చేయించాలి. చెవిలో తడి ఉన్నా అలా రావచ్చు. నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు కావాలన్నది వైద్యుల లెక్క.

ఇక మడమ రక్తం. 1960ల ఆరంభంలో అమెరికాలో రాబర్ట్ గత్రీ ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. పుట్టిన రెండు, మూడు రోజుల మధ్య కొన్ని చుక్కలు ఫిల్టర్ కాగితంపై ఆరబెట్టి పరీక్షకు పంపుతారు. ముఖ్యంగా తెలిసేది థైరాయిడ్ లోపం. భారత వైద్య పరిశోధన మండలి లక్షమందికి పైగా శిశువులను పరీక్షింపజేస్తే, దేశం మొత్తం మీద సుమారు 1,130 మందిలో ఒకరికి, దక్షిణాదిలో సుమారు 727 మందిలో ఒకరికి ఈ లోపం కనిపించింది. తల్లి నుంచి వచ్చిన హార్మోను కొంత కాపాడుతుంది కనుక పుట్టినప్పుడు బిడ్డ బాగానే కనిపిస్తుంది. ఎక్కువ నిద్ర, తక్కువ ఏడుపు. "ఎంత నెమ్మదైన పిల్లో!" అని మనం మురిసిపోతాం. ఈలోగా మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది. రెండు వారాలలోపు మొదలుపెడితే, రోజుకో చిన్న థైరాక్సిన్ మాత్ర పొడిచేసి తల్లిపాలలో ఇస్తే చాలు, పిల్లలు చక్కగా ఎదుగుతారు.

జి6పిడి అనే ఎంజైము లోపం కూడా ఈ రక్తంతోనే తెలుస్తుంది. అది ఉన్న పసివాళ్ళకు కలరా ఉండల వాసన పట్టిన బట్టలు తొడిగితే రక్తకణాలు చితికి కామెర్లు ముదరవచ్చు. ట్రంకుపెట్టెలో దాచిన పాత బట్టలు పసిబిడ్డకు వేసే ఆచారం మనకుంది కదా!

మేనరికం మాట కూడా చెప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాట, ఆంధ్రలో పెళ్ళిళ్ళలో నాలుగో వంతుకు పైగా దగ్గరి చుట్టరికాలే. తల్లిదండ్రులిద్దరూ ఒకే లోపపు జన్యువును మోసే అవకాశం అక్కడ ఎక్కువ. మేనరికపు పిల్లల్లో చాలామంది ఆరోగ్యంగానే పుడతారు. బయటి సంబంధమైనా పరీక్ష మానరాదు. ఎవరినీ నిందించే పని లేదు, కోడలిని అసలే కాదు.

దారి చూపేవాళ్ళు మన చెన్నైలోనే ఉన్నారు. 1969లో మొదలైన అడయారులోని బాల విద్యాలయ, వినపడని పసిపిల్లలకు తల్లుల తోడుతో మాట నేర్పుతోంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుచెవుడు, థైరాయిడ్ లోపం రెండూ ఉన్నాయి.

సీమంతం నాడే డాక్టరుగారిని అడిగి ఉంచండి. ఆసుపత్రి వదిలేముందు సరైన ఫోను నంబరు ఇవ్వండి. రిపోర్టు చేతికి వచ్చేదాకా పని పూర్తయినట్టు కాదు.