మెఫిస్టో రాలేదు.. కన్నీళ్లు మాత్రం ఆగలేదు!

2021 మార్చి 5. మార్వెల్ సిరీస్ ‘వాండావిజన్’ చివరి ఎపిసోడ్ వచ్చింది. చాలామంది ఫ్యాన్స్‌కి ఒళ్లు మండింది!

మరి, వారాల తరబడి అల్లుకున్న థియరీలన్నీ తుస్సుమన్నాయి. అసలు విలన్ మెఫిస్టో అన్నారు, రాలేదు. డాక్టర్ స్ట్రేంజ్ జాడే లేదు. ఎక్స్-మెన్ సినిమాల క్విక్‌సిల్వర్ ఇవాన్ పీటర్స్‌ని చూసి మల్టీవర్స్ తెరుచుకుందని గంతులేస్తే, అతను రాల్ఫ్ అనే మామూలు మనిషని తేలింది. పాల్ బెటనీ అయితే మరీనూ! ఎప్పట్నుంచో కలిసి నటించాలనుకున్న ఒక నటుడితో చేశానని ఊరించాడు. తీరా చూస్తే ఆ నటుడు తనే. విజన్‌తో తలపడ్డ తెల్ల విజన్ కూడా బెటనీయేగా!

ఇవన్నీ సరే. ఇంకో ఫిర్యాదు మాత్రం న్యాయమే అనిపిస్తుంది. విజన్ పోయిన బాధలో వాండా తన మాయతో వెస్ట్‌వ్యూ ఊరినే బందీ చేసింది. చివర్లో ఆ జనం మధ్య నుంచే నడిచి వెళ్లిపోతుంది. పైగా మోనికా ఓదార్చేది ఆమెనే! మరి ఆ జనాన్ని ఓదార్చేదెవరు?

అయినా సరే.. ఎర్రటి మాయగోడ ఇంటివైపు ముడుచుకొస్తుంటే, కాసేపట్లో మాయమైపోయే పిల్లలిద్దర్నీ మంచమెక్కించి దుప్పటి కప్పుతుంది చూడండి. అక్కడ మాత్రం మెఫిస్టో ఎవరికి గుర్తొస్తాడు?