దెయ్యం చేపను గుర్తించడమెలా?

చేపల చెరువుల్లో పట్టుబడి సమయాన వలకు చిక్కే నల్లని, గరుకైన వింత చేపను రైతులు ‘దెయ్యం చేప’గా పిలుస్తున్నారు. ఇది దెయ్యమూ కాదు, ఈ గడ్డ చేపా కాదు. దక్షిణ అమెరికా నదులకు చెందిన సక్కర్ క్యాట్‌ఫిష్. అక్వేరియం దుకాణాల్లో వేలెడంత పిల్లను, అద్దాలపై నాచును తినేస్తుందంటూ విక్రయిస్తారు. అది అడుగున్నర వరకు పెరుగుతుంది. తొట్టి చాలక కొందరు కాలువలో వదిలేస్తారు. ముప్పు అక్కడే మొదలవుతుంది.

మన జెల్ల, వాలుగలకు పొలుసులుండవు, ఒళ్లు నున్నగా ఉంటుంది. దీనికి మాత్రం ఎముక పలకలే కవచం. గుండ్రని నోరు తల అడుగు భాగాన ఉంటుంది. తెరచాప వంటి వీపు రెక్కలో మొదటి ముల్లును విడిచి మిగిలిన పుల్లలను లెక్కించాలి. పది, ఆపైన ఉంటే అది టెరిగోప్లిక్తిస్ ప్రజాతి. ఏడే ఉంటే దాని బంధువైన హైపోస్టోమస్ కావచ్చు. పొట్టపై మచ్చలు విడివిడిగా ఉంటే పార్డాలిస్ అనీ, కలిసిపోయి మెలికల గీతలైతే డిస్‌జంక్టివస్ అనీ శాస్త్రవేత్తలు విభజిస్తారు. సంకర జాతుల్లో ఈ తేడా నిపుణులకూ అంతుచిక్కదు. రైతుకు దానితో పనీ లేదు.

మగచేప గట్టులో బొరియ తవ్వి గుడ్లకు కాపలా కాస్తుంది. తద్వారా గట్లు బలహీనపడతాయి. రెక్కల ముళ్లకు వలలు చిరుగుతాయి. జీర్ణకోశం ద్వారా గాలి పీల్చుకోగలదు గనుక ఒడ్డున పడేసినా గంటల తరబడి బతుకుతుంది. కాబట్టి పట్టుబడిన చేపను గట్టుపై వదిలేయక చంపి, నీటికి దూరంగా పాతిపెట్టాలి. అక్వేరియంలో పెంచేవారు వద్దనుకుంటే దుకాణానికే తిరిగి ఇవ్వడం మేలు.