ఈ-పుస్తకములలో చిత్రములు - వాని వివరణలు

అచ్చు పుస్తకములో పుట స్థిరమైనది. చిత్రమును, దాని క్రింద వివరణను ఒకమారు కూర్చినచో అవి యెన్నటికిని విడిపోవు. ఈ-రీడరుపై చదువు పుస్తకమున కిట్టి స్థిరత్వము లేదు. పాఠకుడు అక్షరముల పరిమాణమును పెంచినకొలది పంక్తులు మారును, పుటలు మారును. చిత్ర మొక పుటలోను, క్యాప్షన్ అనబడు దాని వివరణ మరుపుటలోను పడుట కవకాశము గలదు. ఇది అందమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదనియు, గ్రంథప్రామాణ్యమునకు సంబంధించినదనియు మా యభిప్రాయము.

ఒక యుదాహరణమును గైకొందము. కడప జిల్లాలోని కలమళ్ళ, ఎఱ్ఱగుడిపాడు శాసనములు క్రీ. శ. 6వ శతాబ్ది ఉత్తరార్ధమునకు చెందినవని పండితులు తలంచుచున్నారు. రెండును రేనాటి చోళులవి. రెండింటను ఎరికల్ ముత్తురాజు పేరు గలదు. వీని ఛాయాచిత్రములు వరుసగానున్న గ్రంథమును, పీర్జాదిగూడనుండి ఉప్పలు మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు బస్సులో వచ్చు విద్యార్థి యొకడు చిన్న తెరపై చదువుచున్నాడనుకొందము. మొదటి చిత్రముయొక్క వివరణ జారి రెండవ చిత్రము తలపైకి వచ్చినచో, అత డొక శాసనమును మరియొకటిగా గ్రహించును. ఆ పొరపాటు సిద్ధాంతగ్రంథమున కెక్కుటకు ఆలస్యము పట్టదు.

దీనికి నివారణోపాయము లేకపోలేదు. 2011లో వెలువడిన ఈపబ్ 3 ప్రమాణము ననుసరించి చిత్రమును 'ఫిగర్' అను గుర్తులోను, వివరణను దానిలోపలనే 'ఫిగ్‌క్యాప్షన్' అను గుర్తులోను ఉంచి, ఆ రెంటి నడుమ పుట విరుగరాదని శైలిపత్రమున ఆదేశింపవచ్చును. కాని యీ యాదేశమును అన్ని యంత్రములును పాటింపవు. కావున చిత్రసంఖ్యను, శాసనము పేరును వివరణలోనే చెప్పవలెను. గ్రంథభాగమున "ఈ క్రింది చిత్రము" అనక "3వ చిత్రము" అనవలెను. క్రింద, మీద అను మాటలకు ఇచట నిలుకడ లేదు.

వివరణను చిత్రములోనే కలిపివేసినచో విడిపోదు గదా యని కొంద రాక్షేపింపవచ్చును. నిజమే; కాని యట్టి యక్షరములు పాఠకుడు పరిమాణము పెంచినను పెరుగవు, వెదకినను దొరకవు. చూపులేనివారికి యంత్రము చదివి వినిపించుటకు 'ఆల్ట్' పాఠమును వేరుగా వ్రాయవలెను. చిత్ర మే శాసనమునకు సంబంధించినదో వివరణ చెప్పును. అందు కనబడున దేమో ఆల్ట్ పాఠము చెప్పును. ఒకటి రెండవదానికి ప్రతినిధి కాజాలదు.

లిపిపట్టికల విషయమున మరియొక జాగ్రత్త యవసరము. ఈ-ఇంకు తెరలలో పెక్కు నలుపు తెలుపుల ఛాయలనే చూపును. రంగుభేదముచే తెలిపినది వానిపై తెలియదు; గీతలచేతనో, అంకెలచేతనో తెలుపవలెను.

విడుదలకు పూర్వము గ్రంథమును అతిచిన్న తెరపై, అతిపెద్ద అక్షరములతో ఒకమారు తుదివరకు చూడవలెను. అచ్చుచిత్తులు దిద్దుట పరిశోధకుని విధి యైనట్లే, ఇదియు నతని విధియే.