కరెంటు పోయిందంటే... పోయింది ఏమిటి?

బదిలీ అనేది మన ఇళ్లలో కొత్త మాట కాదు. రెండేళ్లకో మూడేళ్లకో ఊరు మారుతుంది, బడి మారుతుంది, పక్కింటివాళ్ల భాష మారుతుంది. మారనివి కొన్ని ఉంటాయి. వాటిలో స్విచ్ బోర్డు ఒకటి. జోర్హాట్ అయినా జోధ్‌పూర్ అయినా, సికింద్రాబాద్ అయినా కొచ్చి అయినా మన గోడలోని సాకెట్లకు వచ్చేది 230 వోల్టులే.

ఆ వచ్చేదాన్ని తెలుగులో మనం ఒకే మాటతో పిలుస్తాం. "కరెంటు పోయింది" అంటాం. "కరెంటు బిల్లు కట్టాలి" అంటాం. "తడిచేత్తో ముట్టుకోకు, కరెంటు కొడుతుంది" అని అమ్మ కేకేస్తుంది. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఈ ఒక్క మాట చాలు. కానీ దాని వెనక మూడు వేర్వేరు సంగతులున్నాయి: వోల్టేజి, కరెంటు, నిరోధం. పరీక్షలో ఈ మూడింటినీ కలిపేస్తే రెండు మార్కులు పోతాయి. ఇంట్లో కలిపేస్తే ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వీటిని విడదీసి చూద్దాం.

మేడ మీద ట్యాంకు

మూడంతస్తుల క్వార్టర్లను ఊహించుకుందాం. మేడ మీద నీళ్ల ట్యాంకు ఉంది. కింది అంతస్తులో కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వస్తాయి. పై అంతస్తులో అదే కుళాయి నుంచి నెమ్మదిగా వస్తాయి. ట్యాంకుకూ కుళాయికీ మధ్య ఎత్తు తేడా ఎంత ఎక్కువైతే నీటిని అంత గట్టిగా తోస్తుంది. విద్యుత్తులో ఈ తోపుడు లాంటిదే వోల్టేజి. దీన్ని వోల్టుల్లో కొలుస్తాం. 1800లో తొలి బ్యాటరీని ప్రపంచానికి తెలియజేసిన ఇటలీ శాస్త్రవేత్త వోల్టా పేరు మీద వచ్చిన ప్రమాణం అది.

కుళాయి నుంచి సెకనుకు ఎన్ని నీళ్లు వచ్చాయన్నది కరెంటు లాంటిది. తీగలో సెకనుకు ఎంత విద్యుదావేశం ప్రవహిస్తోందో చెప్పేదే కరెంటు. దీన్ని ఆంపియర్లలో కొలుస్తాం.

ఇక గొట్టం సన్నగా ఉన్నా, లోపల తుప్పు పేరుకున్నా నీళ్లు తక్కువ వస్తాయి. ప్రవాహానికి ఎదురయ్యే ఈ అడ్డంకి లాంటిదే నిరోధం. దీన్ని ఓమ్‌లలో కొలుస్తాం. రాగి తీగకు నిరోధం చాలా తక్కువ. ఇస్త్రీపెట్టెలో వాడే నైక్రోమ్ తీగకు ఎక్కువ. ప్లాస్టిక్‌కు, ఎండిన చెక్కకు మరీ ఎక్కువ.

ఇప్పుడు కుళాయి కట్టేద్దాం. నీళ్లు రావడం లేదు. అంటే గొట్టంలో తోపుడు కూడా లేనట్టేనా? కాదు. కట్టేసిన కుళాయి వెనక నీరు అంతే బలంతో తోస్తూ, దారి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఖాళీగా ఉన్న సాకెట్ కూడా అంతే. అందులో ఏ ప్లగ్గూ లేదు కాబట్టి కరెంటు సున్న. కానీ వోల్టేజి 230. కరెంటు లేకపోవడం వేరు, వోల్టేజి లేకపోవడం వేరు. ఈ వ్యాసంలో గుర్తుంచుకోవాల్సిన మాట ఒక్కటే అయితే అది ఇదే.

మరి ఊరంతా చీకటైనప్పుడు పోయింది ఏమిటి? ముందు పోయింది వోల్టేజి. తోసేది లేక ప్రవాహం కూడా ఆగిపోయింది. అదే మనం ఫ్యాన్ స్విచ్ కట్టేస్తే ఆగింది ఫ్యాన్‌లోని కరెంటు మాత్రమే. స్విచ్ వరకు వచ్చిన వోల్టేజి ఎక్కడికీ పోలేదు.

ఓమ్ మాస్టారు కనుక్కున్న లెక్క

ఈ మూడింటికీ ఉన్న సంబంధాన్ని కనిపెట్టినవాడు మనలాంటి పిల్లలకు లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పిన ఒక బడి పంతులు. పేరు గియోర్గ్ సైమన్ ఓమ్. 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. ఓమ్ కూడా ఒకచోట స్థిరంగా ఉన్నవాడు కాదు. స్విట్జర్లాండ్‌లో ఒక బడి, తర్వాత బాంబెర్గ్, కొలోన్, బెర్లిన్, న్యూరెంబర్గ్, చివరికి మ్యూనిక్... ఇలా ఊళ్లు మారుతూనే పాఠాలు చెప్పాడు.

కొలోన్‌లో పనిచేస్తున్నప్పుడు రకరకాల పొడవులు, మందాలు గల తీగలలో కరెంటు ఎంత పారుతుందో కొలిచాడు. ఆనాటి బ్యాటరీల వోల్టేజి నిలకడగా ఉండేది కాదు. అందుకని రెండు లోహాల అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీటిలోనూ మరొకదాన్ని మంచులోనూ ఉంచి, ఆ వేడి తేడాతో నిలకడైన వోల్టేజిని రాబట్టాడు. తన ఫలితాలను 1827లో పుస్తకంగా వేశాడు. అప్పట్లో సొంత దేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1841లో లండన్‌లోని రాయల్ సొసైటీ కోప్లే పతకం ఇచ్చి గౌరవించింది. ఆయన చెప్పింది ఒక్క వాక్యం: ఉష్ణోగ్రత మారకుండా ఉంటే వాహకంలో పారే కరెంటు దాని మీది వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుంది. పదో తరగతిలో మనం రాసుకునే సూత్రం అదే:

వోల్టేజి = కరెంటు × నిరోధం

దీన్ని తిప్పి రాస్తే కరెంటు ఎంతో తెలుస్తుంది. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే చాలు. మనింటి సాకెట్‌లో వోల్టేజి ఎప్పుడూ ఇంచుమించు ఒకటే. కాబట్టి కరెంటు ఎంత పారాలో తేల్చేది దారిలో ఉన్న నిరోధమే. 1000 వాట్ల ఇస్త్రీపెట్టెలోని తీగ నిరోధం సుమారు 53 ఓమ్‌లు. 230ని 53తో భాగిస్తే 4.3 ఆంపియర్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునేది సుమారు 0.04 ఆంపియర్, అంటే 40 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. ఈ 40ని గుర్తుపెట్టుకుందాం, మళ్లీ పని పడుతుంది.

ఒక బోర్డుకు ఎన్ని ప్లగ్గులు?

కరెంటు పారాలంటే బయలుదేరిన చోటికే తిరిగి చేరే పూర్తి దారి ఉండాలి. దాన్నే వలయం, సర్క్యూట్ అంటాం. పాతకాలం పండగ లైట్లలో బుల్లి బల్బులన్నీ ఒకే వరసలో ఉండేవి. ఒకటి మాడితే దారి తెగి అన్నీ ఆరిపోయేవి. అది శ్రేణి సంధానం. ఇంట్లో వైరింగ్ అలా ఉండదు. ఫ్యాను ఆపితే లైటు ఆగదు. ప్రతి పరికరానికీ వేరే దారి ఉంటుంది, ప్రతిదానికీ పూర్తి 230 వోల్టులు అందుతాయి. అది సమాంతర సంధానం.

ఇందులో సౌకర్యం ఉంది, చిక్కూ ఉంది. పరికరాలు పెరిగేకొద్దీ వాటి కరెంట్లన్నీ కూడుకుంటాయి. కొత్త క్వార్టర్‌లో దిగిన మొదటి వారం ఎలా ఉంటుందో మనకు తెలుసు. సాకెట్లు సరిపోవు, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇల్లంతా తిరుగుతుంది. 6 ఆంపియర్ల బోర్డు మీద ఇస్త్రీపెట్టె 4.3, దాని పక్కనే 1500 వాట్ల కెటిల్ 6.5 ఆంపియర్లు. కలిపితే 10.8. బోర్డు ఓర్చుకోగలిగిన దానికి దాదాపు రెట్టింపు.

తీగ ఎందుకు వేడెక్కుతుందో కూడా లెక్క ఉంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు అవుతుంది. ప్లగ్గు వదులుగా ఉంటే ఆ చోట నిరోధం పెరుగుతుంది. అక్కడ 0.1 ఓమ్ నిరోధం ఉండి 10 ఆంపియర్లు పారితే, ఆ చిన్న చోటులోనే 10 వాట్ల వేడి పుడుతుంది. సాకెట్లు గోధుమరంగుకు తిరగడం, కాలిన వాసన రావడం ఇందుకే. గీజరు పెద్ద ప్లగ్గు చిన్న సాకెట్‌లో పట్టదని కన్వర్టర్ తగిలించడం కూడా ఇలాంటి ప్రమాదమే. 2000 వాట్ల గీజరుకు 8.7 ఆంపియర్లు కావాలి. దానికి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి.

ఈ వర్గం లెక్కే దేశమంతా నిలబడ్డ పెద్ద టవర్ల రహస్యం కూడా. లక్ష వాట్లను 230 వోల్టుల దగ్గర పంపాలంటే సుమారు 435 ఆంపియర్లు కావాలి. 11,000 వోల్టుల దగ్గరైతే సుమారు 9 చాలు. అదే తీగలో వేడి నష్టం దాదాపు 2,300 రెట్లు తగ్గుతుంది. అందుకే దూరప్రాంతాలకు 4,00,000, 7,65,000 వోల్టుల దగ్గర పంపి, మన వీధి దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గిస్తారు. 2013 డిసెంబర్ 31న రాయచూరు–సోలాపూర్ 7,65,000 వోల్టుల లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసింది. ఆ రోజు నుంచి తెలుగు రాష్ట్రాల ఇళ్లలోని విద్యుత్తూ ఢిల్లీ ఇళ్లలోని విద్యుత్తూ ఒకే గ్రిడ్‌లో, ఒకే లయలో నడుస్తున్నాయి.

పిట్టకు లేనిది, మనకు ఉన్నది

కరెంటు తీగ మీద పిట్ట హాయిగా కూర్చుంటుంది. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి. కాళ్ల మధ్య వోల్టేజి తేడా దాదాపు లేదు. కాబట్టి దాని ఒంట్లో కరెంటు పారదు. మనం నేల మీద నిలబడి ఫేజు తీగను తాకితే, చేతి దగ్గర 230, పాదం దగ్గర సున్న. వలయంలో తెగిపోయిన ముక్క స్థానంలో మనమే చేరతాం.

అప్పుడు ఎంత కరెంటు పారుతుంది? ఓమ్ మాస్టారినే అడుగుదాం. పొడి చర్మం నిరోధం వేల ఓమ్‌లలో ఉంటుంది. తడిస్తే ఒంటి నిరోధం 1000 ఓమ్‌ల దగ్గరికి పడిపోవచ్చు. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఇందాకటి బల్బు తీసుకున్న 40 మిల్లీ ఆంపియర్లు మన ఛాతీ గుండా పారినా ప్రమాదమే. టార్చి సెల్లును తడిచేత్తో పట్టుకున్నా ఏమీ కాకపోవడానికి కారణమూ ఈ లెక్కే. 1.5 వోల్టులు తోయగలిగేది ఒకటిన్నర మిల్లీ ఆంపియర్లే.

రైల్వే కాలనీల్లో ఉండే మిత్రులు ఇంకోటి గుర్తుంచుకోవాలి. పట్టాల పైన ఉండే తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. ఆ వోల్టేజికి తాకడం కూడా అక్కర్లేదు. బాగా దగ్గరికి వెళ్తే గాలిలోంచే దూకుతుంది. ఆగి ఉన్న వ్యాగన్ ఎక్కి ఫొటో దిగడం అంటే ఆ దూరాన్ని మనమే తగ్గించడం.

ప్లగ్గుకు మూడో కాలు ఎందుకు?

మన మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగా, పొడుగ్గా ఉంటుంది. అది ఎర్త్ పిన్ను. పొడుగ్గా ఉండటం వల్ల ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగులుతుంది, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వదులుతుంది. గీజరు లోపల ఫేజు తీగ తొడుగు చెడి లోహపు డొక్కుకు తగిలిందనుకుందాం. ఎర్త్ లేకపోతే ఆ డొక్కు 230 వోల్టులతో చప్పుడు లేకుండా కూర్చుంటుంది. గీజరు మామూలుగానే పనిచేస్తుంది, నీళ్లు వేడెక్కుతాయి. తడిచెయ్యి తగిలే వరకూ ఎవరికీ తెలియదు. ఎర్త్ సరిగా ఉంటే, అతి తక్కువ నిరోధం ఉన్న ఆ దారిలో ఒక్కసారిగా పెద్ద కరెంటు పారి ఎంసీబీ పడిపోతుంది. చాలా ఇళ్లలో ప్లగ్గు పట్టడం లేదని ఆ మూడో పిన్నునే తీసేస్తారు. ప్లగ్గు పడుతుంది, రక్షణ పోతుంది.

ఎంసీబీ ఉంది కదా, మనిషికి షాక్ కొడితే అదే పడిపోతుందిలే అని కొందరి ధీమా. 16 ఆంపియర్ల ఎంసీబీకి 0.23 ఆంపియర్ లెక్కలోకే రాదు. అది కాపాడేది తీగల్ని. మనుషుల్ని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని అది నిరంతరం సరిచూస్తుంది. లెక్కలో 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, ఆ తేడా ఎవరి ఒంటి గుండానో నేలలోకి పోతోందని తీసుకుని క్షణంలో సరఫరా తెంచేస్తుంది.

కాబట్టి ఈసారి కొత్త క్వార్టర్‌లో దిగగానే అమ్మానాన్నలతో కలిసి నాలుగు పనులు చేద్దాం. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరూ చూసుకోవాలి. ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ను పెద్దవాళ్ల చేత నొక్కించి, పడుతోందో లేదో చూడాలి. రంగు మారిన, వదులైన సాకెట్లను లెక్కపెట్టాలి. గీజరు, ఫ్రిజ్, మోటారు ఉన్న చోట ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగాలి, లేకపోతే ఎంక్వైరీ ఆఫీసులో ఫిర్యాదు రాయించాలి. ఎవరికైనా షాక్ కొడుతుంటే పరుగెత్తి పట్టుకోకూడదు, ముందు మెయిన్ కట్టేయాలి. అది కుదరకపోతే పొడి చెక్కతోనో ప్లాస్టిక్ వస్తువుతోనో తీగను తప్పించాలి. వెంటనే 112కు ఫోన్ చేయాలి.

ప్రయోగం చేయాలన్న సరదా ఉంటే గోడ సాకెట్ జోలికి వెళ్లకుండానే చేయొచ్చు. రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, తీగ ముక్కలు, రెండు వైపులా చెక్కిన ఒక పొట్టి పెన్సిల్, ఒక పొడుగు పెన్సిల్ తీసుకుందాం. పెన్సిల్ ములుకును వలయంలో భాగం చేస్తే బల్బు వెలుగుతుంది. పొట్టి పెన్సిల్‌తో కాస్త ప్రకాశంగా, పొడుగుదానితో మసకగా. వోల్టేజి మారలేదు, నిరోధం మారింది, కరెంటు తగ్గింది. కొలోన్‌లో ఓమ్ మాస్టారు చూసిందీ ఇదే.