తిమింగిలము: తిండియు, శాస్త్రమును

నేడు తిమింగిలమును గూర్చి మీతో నాలుగు మాటలు చెప్పదలచినాను. వాన చినుకునకై మబ్బుల వంక చూచు అనంతపురపు మెట్టనేలలో సముద్రపు జంతువు ముచ్చట యేల యని మీరడుగవచ్చును. అడుగుట న్యాయమే. అందులకు రెండు కారణములు కలవు. ఆ జంతువు పూర్వులు నేలమీద నడచినవి. దానిని తిన్నవారి కథలో మనమెరిగిన ఆకలియే యున్నది.

తిమింగిలము చేప కాదు. నీటిపైకి వచ్చి గాలి పీల్చనిదే బ్రతుకజాలదు. గ్రుడ్లు పెట్టదు; ఆవువలె దూడను ఈని పాలిచ్చును. నీలి తిమింగిలము ముప్పది మీటర్ల వరకు పెరుగును. దానికి రెండు మూడేండ్లకు ఒక్క దూడ మాత్రమే పుట్టును. ఈ లెక్కను గుర్తుంచుకొనుడు; ముందు దీనితో పనియున్నది.

ఇది నేల విడిచి నీట చేరిన జంతువని చెప్పుటకు సాక్ష్యము మన దేశముననే దొరికినది. కాశ్మీరమునందలి కాలాకోట ప్రాంతమున రంగారావు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు పూర్వకాలపు ఎముకలు గల రాళ్లను సేకరించి, అందలి యొక జంతువునకు 1971లో ఇండోహ్యూస్ అని పేరిడెను. ఆయన గతించిన పిమ్మట ఆయన భార్య ఆ రాళ్లను తెవిస్సెన్ అను అమెరికా పండితునకు అందజేసెను. రాతినుండి ఎముకలను విడదీయగా, పిల్లియంత దేహమును, జింకవంటి కాళ్లును గల ఆ జంతువు చెవి యెముక అచ్చముగ తిమింగిలపు చెవి యెముకను పోలియున్నట్లు కనబడెను. అది తిమింగిలములకు దాయాది యని 2007లో ప్రకటించిరి. అది సుమారు 4 కోట్ల 80 లక్షల యేండ్ల నాటిది.

ఇక తిండి మాట. జపాను దేశమున కొండలు మెండు, సాగునేల కొంచెము, చుట్టును సముద్రము. తైజి అను పల్లెలో 1606 నుండియే జనులు కట్లు కట్టుకొని తిమింగిలములను వేటాడిరి. మాంసము, క్రొవ్వు, ప్రేగులు తినిరి. నూనెను వరిమళ్లలో పోసి పురుగును చంపిరి. ఒక్క తిమింగిలము చిక్కినచో పల్లె యంతయు బ్రతికెడిది. అట్లని వారు దానిని చులకన చేయలేదు. కయోయి అను పల్లెలో, చంపబడిన తల్లుల కడుపున దొరికిన పిల్లలను పూడ్చి, 1692లో సమాధిరాయి నిలిపిరి. అది నేటికిని కలదు.

1945లో యుద్ధమున ఓడిన జపానున తిండి కరవాయెను. దక్షిణ ధ్రువ సముద్రమునకు వేట ఓడలను పంపుటకు, దేశము నేలుచున్న అమెరికా సేనాధిపతియే 1946లో సెలవిచ్చెను. 1947లో జపానువారు తిన్న జంతు మాంసకృత్తులలో ఇంచుమించు సగము తిమింగిలము నుండియే వచ్చెను. బడిపిల్లలకు మధ్యాహ్నము వడ్డించినదియు అదియే. ధాత నామ సంవత్సరపు కరవు కథలు పెద్దల నోట విన్న మనకు, 1952లో గంజి కేంద్రముల యెదుట బారులు తీరిన సీమకు, ఇది బోధపడని సంగతి కాదు. ఆకలినాడు ప్రాణము నిలిపిన కూడు ఆ తరమువారికి రుచియై నిలుచును. కావున జపానువారి కంచమును చూచి ఏవగించుకొనుట నాకు సమ్మతము కాదు.

అయితే కంచము వేరు, సముద్రపు లెక్క వేరు. ఇరువదవ శతాబ్దమున ఆవిరి ఓడలతోను, ఫిరంగి బల్లెములతోను నార్వే, బ్రిటను, రష్యా, జపాను మొదలగు దేశములు కలిసి 29 లక్షల వరకు తిమింగిలములను చంపెను. రెండు మూడేండ్లకు ఒక్క దూడను ఈనునది ఇంత కోతకు నిలువగలదా? అందుచేత అంతర్జాతీయ తిమింగిల సంఘము వ్యాపారపు వేటను నిలుపవలెనని 1982లో తీర్మానించెను. 1986 నుండి అది అమలయ్యెను.

శాస్త్ర పరిశోధనకై కొన్నిటిని చంపవచ్చునని ఒడంబడికలో నుండెను. జపాను 1987 నుండి ఆ దారి పట్టెను. వారు చూపిన కారణములలో ఒకటి చెవిగూర్చినదే. తిమింగిలపు చెవిలో గుబిలి పొరలు పొరలుగ పేరుకొనును. చెట్టు మొద్దులోని వలయములవలె ఆ పొరలను లెక్కించి వయస్సు చెప్పవచ్చును. కాని చంపనిదే ఆ గుబిలి చేతికి రాదు. వయస్సు తెలియనిదే మంద పెరుగుచున్నదో తరుగుచున్నదో చెప్పజాలమని వారి వాదము. పరిశోధన ముగిసిన మాంసము మాత్రము అంగళ్లకు పోయెడిది.

ఆస్ట్రేలియా 2010లో వ్యాజ్యము వేసెను. జపాను దక్షిణ ధ్రువ సముద్రమున ఏటికి 850 చిన్న తిమింగిలములను చంపుటకు లెక్క పెట్టుకొనెను. హేగు నగరపు అంతర్జాతీయ న్యాయస్థానము 2014 మార్చి 31న పన్నెండుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా, ఇన్నిటిని చంపుటకు శాస్త్రమున తగిన ఆధారము కానరాదని తీర్పు చెప్పెను. జపాను 2019లో ఆ సంఘమును విడిచి, తన తీరజలములలో బాహాటముగనే వేట సాగించెను. కాని 1962లో రెండు లక్షల టన్నులకు మించిన ఆ మాంసపు వాడుక నేడు కొద్దివేల టన్నులకు దిగినది. చట్టము మాన్పింపలేని దానిని కాలము మాన్పించుచున్నది.

చంపక తెలిసికొను ఉపాయములును నేడు కలవు. తోకమీది మచ్చలను ఛాయాచిత్రములతో పోల్చి గుర్తుపట్టుదురు. నీటిలో యంత్రములుంచి వాని పాట విందురు. చిన్న చర్మపు తునకతో వయస్సును అంచనా వేయుదురు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి చట్టము తిమింగిలములను కాపాడుచున్నది.

ఈ కథలో నేను గ్రహించినది ఒక్కటి. కళ్లములో ధాన్యము కొలుచువాడును కొనువాడును ఒక్కడే యైనచో, ఆ కొలతను ఊరు నమ్మదు. కొలుచువాడు మంచివాడే కావచ్చును, అయినను నమ్మదు. మన బోరుబావుల సంగతియు ఇట్టిదే. నేలలోని నీరు తిమింగిలపు దూడవలె మెల్లగ పుట్టును, వేగముగ పోవును. తోడుకొనువాడే ఇంక ఎంత మిగిలెనో చెప్పుచున్నాడు. మన యూరిలో ఆ కొలత ఎవరి చేతిలో నుండవలెనో రచ్చబండ కడ మీరే తేల్చుకొనుడు.