ఇంటిపనియు వ్యాయామమును

రాయచోటి రాయలసీమలోని మెట్టప్రాంతపు పట్టణము. మాండవ్యనదీతీరమున వెలసిన వీరభద్రస్వామి యాలయమువలన దానికి ప్రసిద్ధి కలిగినది. చుట్టుపట్ల వర్షము తక్కువ. వేరుసెనగ, రాగి, కంది మొదలగు మెట్టపైరులే అచ్చటి రైతులకు ఆధారము. ఇట్టి సీమలో నీటికి విలువ హెచ్చు. నీటికి విలువ హెచ్చైనచోట ఇంటిపనికి శ్రమయు హెచ్చు. తెల్లవారకముందే లేచి వాకిలి యూడ్చి కల్లాపి చల్లుట, చేదబావినుండి నీరు తోడుట, నిండుబిందెను చంకనెత్తుకొని వచ్చుట, రాగులను తిరగలిలో విసరుట, ఉడుకుచున్న సంగటిని తెడ్డుతో గట్టిగా కెలికి ముద్దలు చేయుట, రోటిలో పచ్చడి నూరుట - ఇవి యన్నియు తరతరములుగా ఆ ప్రాంతపు స్త్రీల దినచర్యలో చేరియుండెను.

ఇప్పుడు కాలము మారినది. అనేక గృహములకు కొళాయినీరు వచ్చినది. తిరగలి మూలబడి పిండిమర వచ్చినది. రోలు చేయు పనిని మిక్సీయు, కట్టెలపొయ్యి చేయు పనిని గ్యాసుపొయ్యియు చేయుచున్నవి. ఒకవైపున శ్రమ తగ్గుచుండగా, మరియొకవైపున శ్రమను కొలుచు పరికరములు చేతికి వచ్చినవి. మణికట్టునకు ధరించు గడియారమును, జేబులోని సెల్‌ఫోనును నేడెన్ని యడుగులు నడచినదియు, ఎన్ని కెలోరీలు వ్యయమైనదియు సాయంకాలమునకు లెక్క చెప్పుచున్నవి. దానితో ఒక ప్రశ్న పుట్టినది. ఇంటిపని వ్యాయామముగా లెక్కకు వచ్చునా, రాదా? దినమంతయు ఇంటిలో తిరుగువారికి వేరుగా నడక యెందుకని కొందరందురు. మైదానమున పరుగెత్తినదే వ్యాయామము, ఇంటిపని వ్యాయామము కాదని మరికొందరందురు. ఈ రెండు మాటలలోను కొంత సత్యము కలదు. కొంత పొరపాటును కలదు. వానిని వేరుచేసి చూడవలెనన్న మొదట కెలోరీ యననేమో తెలియవలెను.

ఒక కిలోగ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కించుటకు కావలసిన ఉష్ణమును ఆహారశాస్త్రమున కెలోరీ యందురు. గజమువలెను తూకపురాయివలెను ఇదియు ఒక కొలత. పొయ్యిలో కట్టె మండి వేడి నిచ్చినట్లే, దేహములో ఆహారము ప్రాణవాయువుతో కలిసి శక్తి నిచ్చుచున్నది. ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రవేత్తయైన లావోయిజరు 1790 ప్రాంతమున తన సహచరుడగు సెగుయిన్‌తో కలిసి ఈ విషయమును పరీక్షించెను. మనుష్యుడు ఊరక కూర్చుండినప్పటికంటె బరువు నెత్తునప్పుడు ఎక్కువ ప్రాణవాయువును పీల్చుచున్నాడని వారు కనుగొనిరి. అటుపిమ్మట నూరేండ్లకు, 1890ల దశకములో, అమెరికాలో ఆట్‌వాటరను శాస్త్రజ్ఞుడు ఒక చిన్న గదిని నిర్మించి, అందు మనుష్యులను దినములకొలది యుంచి, వారి దేహమునుండి వెలువడు వేడిని కొలిచెను. తినిన యాహారమునందలి శక్తికిని, దేహము వ్యయపరచిన శక్తికిని లెక్క సరిపోవునని దానివలన తేలినది.

కండరములో ఈ శక్తి ఏ రూపమున నుండునో తెలిసికొనుటలో తెలుగువాడొకడు పాలు పంచుకొనెను. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కె యను ఆచార్యునితో కలిసి 1927 లో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును గూర్చి ప్రకటించెను. 1929 లో వారిరువురును ఏ.టి.పి. అను మరియొక పదార్థమును కండరమునుండి వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని కనుగొనెను. కండరము ముడుచుకొనుటకు వలయు శక్తి ఏ.టి.పి. నుండియే లభించుచున్నది. ఆటస్థలమున బంతి విసరు చేతికిని, ఇంటిలో తెడ్డు త్రిప్పు చేతికిని ఇంధన మొక్కటియే. తాను చేయుచున్నది ఆటయో, ఇంటిపనియో, కూలిపనియో కండరమునకు తెలియదు. కావున ఇంటిపనికి శక్తి వ్యయము కాదనుట శాస్త్రమునకు విరుద్ధము.

అయినచో ఏ పనికి ఎంత వ్యయమగును? దీనికి శాస్త్రజ్ఞులు సులభమైన పద్ధతి నొకదానిని ఏర్పరచిరి. ఊరక కూర్చుండిన మనుష్యుని వ్యయమును ఒకటిగా గ్రహించి, తక్కిన పనుల వ్యయము దానికి ఎన్ని రెట్లో లెక్కించిరి. పాత్రలు తోముటకు సుమారు రెండు రెట్లు, ఇల్లు చురుకుగా ఊడ్చుటకు సుమారు మూడు రెట్లు, చేతితో బట్టలుతుకుటకు సుమారు నాలుగు రెట్లు వ్యయమగును. వేగముగా నడచుటయు సుమారు నాలుగు రెట్లే. పరుగునకు తొమ్మిది రెట్లు దాటవచ్చును. కూర్చుండియున్నవారికి కిలోగ్రాము బరువునకు గంటకు ఇంచుమించుగా ఒక కెలోరీ వ్యయమగును. 50 కిలోల బరువు గల స్త్రీ గంటసేపు కూర్చుండిన 50 కెలోరీలును, గంటసేపు బట్టలుతికిన 200 కెలోరీలును వ్యయమగునన్నమాట. బట్టల ఉతుకు నడకకు తీసిపోదు.

ఇంతవరకు ఇంటిపని పక్షము గెలిచినట్లు కనబడును. కాని లెక్క వ్రాయుటలో రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది, విశ్రాంతి వ్యయమును తీసివేయుట. ఆ స్త్రీ అరగంట ఇల్లూడ్చెననుకొందము. లెక్కప్రకారము 75 కెలోరీలు. కాని ఆ యరగంట ఆమె ఊరక కూర్చుండినను 25 కెలోరీలు వ్యయమై యుండెడివి. అందుచేత ఊడ్చుటవలన అదనముగా వ్యయమైనవి 50 మాత్రమే. సుమారు పది గ్రాముల వేరుసెనగపప్పు ఆ లోటును పూరించును. ఇల్లూడ్చితిననుకొని దోసెడు పప్పు నమలినచో పద్దు తలక్రిందులగును. కూర్చుండి తిన్న కొండలైన కరగునని సామెత. కొండలు కరగునేమో కాని, కూర్చుండి తిన్నవాని యొడలు మాత్రము కరగదు.

రెండవ జాగ్రత్త ఇంతకంటె ముఖ్యము. ఒకే పనిని రెండుసార్లు లెక్కింపరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయుల యాహారావసరములను నిర్ణయించుచున్నది. 1918 లో కూనూరులో మెకారిసన్ అను వైద్యుడు ప్రారంభించిన చిన్న పరిశోధనశాలయే వృద్ధిపొంది, 1958 లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 లో ఈ పేరు వహించినది. 2020 లో ప్రకటింపబడిన నిర్ణయముల ప్రకారము 55 కిలోల స్త్రీకి కూర్చుండి చేయు పనియైన దినమునకు 1660 కెలోరీలు, మధ్యమశ్రమయైన 2130, కఠినశ్రమయైన 2720 అవసరము. 65 కిలోల పురుషునకు క్రమముగా 2110, 2710, 3470. ఈ యంకెలలో దినచర్యలోని పని యంతయు ముందే చేరియున్నది. తాను మధ్యమశ్రమ చేయుదునని 2130 అంకెను గైకొనిన గృహిణి, మరల ఊడ్పును, ఉతుకును దానికి కలిపినచో ఒకే ఖర్చును రెండుసార్లు వ్రాసినట్లగును. 1660 అంకెను గైకొనినవారు సైతము వంట, పాత్రలు సర్దుట వంటి తేలికపనులను వేరుగా కలుపరాదు. నిత్యమును లేని బరువుపనిని మాత్రము కలుపవచ్చును. పండుగకు ఇల్లంతయు కడుగుట, కొళాయి రాని దినములలో దూరమునుండి నీరు మోయుట అట్టివి.

కెలోరీల సంగతి ఇట్లుండగా, వ్యాయామముయొక్క ప్రయోజనము కెలోరీలతో ముగియదు. గుండెకును ఊపిరితిత్తులకును బలము చేకూర్చుట, ఎముకలను కండలను దృఢపరచుట దాని ముఖ్యోద్దేశములు. ఇందును పని అక్కరకు వచ్చుచున్నదనుటకు లండను నగరమున నిదర్శనము లభించినది. అచ్చటి రెండంతస్తుల బస్సులలో ఆ కాలమున డ్రైవరు కూర్చుండియుండెను. కండక్టరు దినమంతయు మెట్లెక్కుచు దిగుచుండెను. డ్రైవర్లకంటె కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా నున్నదని జెరిమీ మారిస్ అను వైద్యుడు 1953 లో ప్రకటించెను. ఆ కండక్టర్లు వ్యాయామమునకై మెట్లెక్కినవారు కారు. అది వారి జీతపు పని.

ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2020 లో ఇచ్చిన సూచనలలో ఇంటిపనిని దేహశ్రమలో చేర్చినది. పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమశ్రమ చేయవలెనని అది తెలిపినది. కావున పని మధ్యమశ్రమ యగునా కాదా యనునదే ప్రశ్న. దీనికి గడియారముతో పనిలేని పరీక్ష యొకటి కలదు. పని చేయుచు మాటలాడ గలిగి, పాట పాడలేనంతగా ఊపిరి వేగము హెచ్చినచో అది మధ్యమశ్రమ. పూర్వము స్త్రీలు దంచుచు, విసరుచు పాటలు పాడలేదా యని యడుగవచ్చును. పాడిరి. అది వారి పని తేలికయనుటకు గురుతు కాదు. నిత్యాభ్యాసమువలన వారి ఊపిరి ఆ పనికి తగినంత దృఢపడినదనుటకు గురుతు. నేటి గృహమున బరువుపనులు తగ్గినవి. మిక్సీ మీట నొక్కుట మధ్యమశ్రమ కానేరదు. అదిగాక, వంగి చేయు పనులు నడుమును నొప్పించునే గాని అన్ని యవయవములను సమముగా పెంపొందింపవు. అందుచేత ఇంటిపని తేలికయైనవారికి నడకయో, ఆటయో, ఆసనములో అవసరమే.

చేతిగడియారము చెప్పు లెక్కను సైతము వివేకముతో గ్రహింపవలెను. అది చేతి ఊపును బట్టి అడుగులను ఊహించును. బిందెను పట్టుకొనిన చేయి ఊగదు. కాన బరువు మోయుచు నడచిన నడకను అది తక్కువగా లెక్కించుట కలదు. యంత్రము చూడని శ్రమ శ్రమ కాకపోదు.

యంత్రము మాత్రమే కాదు, మనుష్యులును చూడని శ్రమ యొకటి కలదు. కెలోరీల లెక్కలో తినినది జమ, పనికి వ్యయమైనది ఖర్చు. కూర్చుండి పనిచేయువాడు ఖర్చును హెచ్చుగా వ్రాసికొని మోసపోవుచున్నాడు. బీదయింటి గృహిణి విషయమున ఇందుకు విరుద్ధమైన మోసము జరుగుచున్నది. ఆమె ఖర్చును ఎవరును వ్రాయరు. ఇంటిపట్టున నుండునామెకు పని యేమున్నదందురు. 2019 లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతములేని ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనులకు వినియోగించుచున్నట్లు తేలినది. ఇంచుమించుగా అయిదు గంటల పని యది. అయినను పెక్కిండ్లలో ఆమె అందరును భుజించిన పిదప మిగిలిన దానితో సరిపెట్టుకొనుచున్నది. నీరు మోసి, బట్టలుతికి, చేనికిని పోయి వచ్చు స్త్రీకి కూర్చుండు వారికంటె ఎక్కువ యాహారము కావలెనని పైయంకెలు స్పష్టముగా చెప్పుచున్నవి. ఆమె పనిని లెక్కలో చేర్చకపోయినచో లోటు పుస్తకమున కాక, ఆమె దేహమున పడును.

విద్యార్థులు ఈ లెక్కను మరియొక విధముగా అపార్థము చేసికొనరాదు. పెరుగు వయసున కెలోరీలు లెక్కించి భోజనము తగ్గించుకొనుట హానికరము. 13 నుండి 15 సంవత్సరముల బాలురకు దినమునకు 2860, బాలికలకు 2400 కెలోరీలు అవసరమని 2020 నాటి నిర్ణయము. వారు దినమునకు సగటున అరువది నిమిషములు దేహమునకు చురుకైన శ్రమ కల్పింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. అందు కొంత ఆటలవలనను, కొంత ఇంటిపనివలనను సమకూర్చుకొనవచ్చును. నీరు తెచ్చుట, వాకిలి యూడ్చుట, తమ బట్టలు తాము ఉతుకుకొనుట బాలికలకు మాత్రమే తగిన పనులు కావు. వానిని బాలురును చేసినచో వారి దేహము దృఢపడుటయే గాక, తల్లికి కొంత విశ్రాంతియు, అక్కచెల్లెండ్రకు ఆడుకొనుటకు కొంత తీరికయు లభించును.

ఇంటిపనిని లెక్కలో చేర్చుట న్యాయము. దానిని ఒక్కసారియే చేర్చుట వివేకము. ఎవరు ఎంత శ్రమించిరో తెలిసికొని, పనిని గాని అన్నమును గాని ఇంటిల్లిపాదియు తగినట్లు పంచుకొనుట ధర్మము.