ఎండాకాలం చేపలకు పోయేటప్పుడు కాళ్లకు ఏం వేసుకోవాలె?



ఇంకొన్ని రోజుల్లో ఎండాకాలం సెలవులు వస్తున్నాయి. ఊరికి పోయినంక మనలో చాలామంది చేసే మొదటి పని చేపలకు పోవడం. ఎండాకాలం చెరువుల్లో నీళ్లు తగ్గి చేపలన్నీ మడుగుల్లోకి చేరుతాయి. 2016లో మన రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమట్ట అయితే నీళ్లు ఎండినా బురదలో దాక్కొని బతుకుతది. ఎందుకంటే అది పైగాలి కూడా పీల్చుకోగలదు. గాలం వేసేవాళ్లు కట్ట మీద కూర్చుంటే సరిపోతది. కానీ ఊత పట్టేవాళ్లు, విసురువల వేసేవాళ్లు బురదలో దిగాల్సిందే. అందుకే ఈసారి మన గోడపత్రికకు చెప్పుల గురించి రాస్తున్నాను. "చెప్పుల గురించి రాసేదేముంది?" అని నవ్వకండి. మొత్తం చదివినంక నవ్వండి.

బురదలో ఏముంటుంది?

నీళ్లు తగ్గిన చెరువులో సర్కారు తుమ్మ మొలుస్తది. దాని ముళ్లు బురదలో కలిసిపోయి కనబడవు. గుల్లల పెంకులు ఉంటాయి, పగిలిన సీసా పెంకులు ఉంటాయి. చేపల్లో కూడా ముళ్లున్నవి ఉన్నాయి. జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కల రెండు, మొత్తం మూడు ముళ్లు. ఇంగిలాయి ముల్లుకు విషం కూడా ఉంటది.

పోయిన ఎండాకాలం మా నాయిన ఉత్త కాళ్లతో దిగితే తుమ్మ ముల్లు గుచ్చుకుంది. ముల్లు లోపలే విరిగి చీము పట్టింది. పదిహేను రోజులు కూలికి పోలేదు. ఆ రోజు పట్టిన చేపలు రెండు పూటల కూరకు వచ్చాయి. పోయిన కూలి మాత్రం తిరిగి రాలేదు.

నీళ్లు పోని బూటు మంచిదా?

దుకాణంలో అడిగితే ముందుగా గమ్ బూట్లు చూపిస్తారు. "చుక్క నీరు లోపలికి పోదు" అంటారు. అది నిజమే, కానీ నీళ్లు బూటు ఎత్తు కన్నా తక్కువ ఉన్నంతవరకే. మోకాలు లోతుకు పోతే పైనుంచి నీళ్లు నిండుతాయి. నిండిన నీళ్లు బయటికి పోవడానికి దారి లేదు. ఒక లీటరు నీళ్ల బరువు ఒక కిలో అని మనం చదువుకున్నాం కదా. బూటులో ఎన్ని లీటర్లు పడితే అన్ని కిలోల బరువు. నీళ్ల లోపల ఉన్నంతసేపు ఆ బరువు తెలియదు. కానీ గట్టు ఎక్కబోయేటప్పుడు కాలు లేవదు. లోతులో కాలు జారితే ఆ బూటు విప్పుకోవడం కూడా కష్టం. పైగా ఎండకు లోపల చెమట పట్టి, కాలు నాని, వేళ్ల సందులు పుండ్లు పడతాయి.

అందుకే నేను చెప్పేది ఒక్కటే మాట. ఎండాకాలం చెరువుకు నీళ్లు లోపలికి రానివ్వని బూటు కాదు, వచ్చిన నీళ్లను వెంటనే బయటికి పంపే బూటు కావాలె.

స్లిప్పర్లు ఎందుకు పనికిరావు?

బురదలో దిగబడిన అడుగు కిందికి గాలి పోదు. కాలు పైకి లాగితే పైనున్న గాలి ఒత్తిడి చెప్పును కిందికే పట్టి ఉంచుతది. కాలు వస్తది, చెప్పు రాదు, పట్టీ ఊడిపోతది. అప్పుడు కాలు నేరుగా లాగకుండా, మడిమను అటూ ఇటూ కదిలిస్తే సందులోకి నీళ్లు, గాలి చేరి చెప్పు సులువుగా వస్తది.

టైరు చెప్పులకు ముల్లు దిగదు. కానీ వెనుక పట్టీ లేనివి బురదలో నిలవవు. బడికి వేసుకునే తోలు బూట్లు మాత్రం అస్సలు వద్దు. నీళ్లలో నాని ఎండితే తోలు గట్టిపడి పగులుతది. సెలవుల తర్వాత బడికి ఏం వేసుకుని వస్తాం?

మరి ఏవి మంచివి?

వెనుక పట్టీ ఉండి, వేళ్లు కప్పి, పక్కలకు రంధ్రాలున్న రబ్బరు సాండల్స్ మంచివి. అవి లేకపోతే పాత కాన్వాస్ బూట్లు చాలు. అట్టకు కొంచెం పైన, గుడ్డలో దబ్బనంతో రెండు పక్కలా నాలుగైదు రంధ్రాలు చేస్తే నీళ్లు పోతాయి. అట్టకు మాత్రం రంధ్రం చేయొద్దు. ముల్లు అక్కడి నుంచే వస్తది.

కొనేటప్పుడు ఇవి చూడండి:

1. సాయంత్రం కొనండి. పొద్దంతా తిరిగిన కాళ్లు కొంచెం ఉబ్బుతాయి. అప్పుడు సరిపోయినవి ఎప్పుడైనా సరిపోతాయి.
2. నిలబడితే బొటనవేలు ముందుకు తగలొద్దు. నడిస్తే మడిమ లేవొద్దు.
3. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు గట్టిగా విదిలించండి. ఊడితే అది బురదలో ఉండేది కాదు.
4. అట్టను వంచి చూడండి. వంగాలె, కానీ పలుచగా ఉండొద్దు.
5. తడి బండ మీద రుద్ది చూడండి. గట్టి ప్లాస్టిక్ జారుతది, మెత్తటి రబ్బరు పట్టుకుంటది. చెరువు కట్ట రాళ్ల మీద పాచి ఉంటది కాబట్టి ఇది ముఖ్యం.

రబ్బరు బూటు కథ

రబ్బరు చెప్పును మొదట చేసింది కంపెనీలు కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవుల ఆదివాసులు రబ్బరు చెట్టు పాలను మట్టి అచ్చుల మీద పూసి, పొగకు ఆరబెట్టి బూట్లు చేసేవాళ్లు. 1820ల నుంచి అవి అమెరికాలో అమ్ముడుపోయాయి. కానీ ఎండకు జిగురుగా మారేవి, చలికి పగిలేవి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే అది ఎండకూ చలికీ ఆగుతుందని కనుక్కున్నాడు. మనం వేసుకునే రబ్బరు చెప్పుల వెనుక ముందున్నది అడవిబిడ్డల తెలివే.

ముల్లు దిగితే?

సబ్బుతో బాగా కడగాలె. పేడ, మట్టి పూయొద్దు. ధనుర్వాతం క్రిములు ఉండేది మట్టిలో, పేడలోనే. ముల్లు లోపల విరిగితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలె. ధనుర్వాతం రాకుండా 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ సూది వేస్తారు. వేయించుకున్నామో లేదో మన వార్డెన్ సార్లను అడిగి సెలవుల ముందే చూసుకుందాం. జెల్ల గాని ఇంగిలాయి గాని గుచ్చితే, కాలు ఓర్చుకునేంత వేడి నీళ్లలో పెడితే నొప్పి తగ్గుతది. కాలు కాలేంత వేడి వద్దు.

చివరగా ఒక మాట. ఎంత మంచి బూటైనా ఈత నేర్పదు. 2015 నుంచి మిషన్ కాకతీయలో చాలా చెరువుల్లో పూడిక తీశారు. మట్టి తీసిన చోట్ల నీళ్ల కింద గుంతలు కనబడవు. చేతిలో కట్టె పట్టుకుని ముందు లోతు చూసి, తర్వాత అడుగు వేయండి. ఒంటరిగా దిగకండి. మత్స్య సహకార సంఘం ఉన్న చెరువైతే వాళ్లను అడిగే దిగండి.

ఇంటికి వచ్చినంక బూట్లు కడిగి నీడలో ఆరబెట్టండి. లోపల పాత పేపర్లు కుక్కితే తొందరగా ఆరుతాయి. కాళ్లు, వేళ్ల సందులు పొడిగా తుడుచుకోండి.

సెలవులు అయిపోయినంక అందరం మంచి కాళ్లతో మళ్లీ ఇక్కడే కలుద్దాం. ఎవరు ఎన్ని కొర్రమట్టలు పట్టారో అప్పుడు లెక్క చెప్పుకుందాం.